రెండించుల నీళ్లకు నాలుగించుల పైపు



కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీదనో సిరిసిల్ల రోడ్డు మీదనో కంప్యూటర్ షాపులో కాసేపు నిలబడి, గేమింగ్ పీసీ కావాలని వచ్చే పిల్లల మాటలు వినండి. వాళ్లు అడిగే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. మొదట గ్రాఫిక్స్ కార్డు. తర్వాత ప్రాసెసర్. ఆ తర్వాత ర్యామ్. నాలుగోది, అన్నిటికన్నా గట్టిగా అడిగేది, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. డిస్క్ దగ్గరికి వచ్చేసరికి జేబులో డబ్బులు, మనసులో ఓపిక రెండూ అయిపోయి ఉంటాయి. "ఏదో ఒకటి వెయ్యన్నా, వన్ టీబీ ఉంటే చాలు" అంటారు. షాపాయన తన దగ్గర ఉన్నది వేసి పంపిస్తాడు. అడగనిదానికి ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఈ ప్రసంగం ఆ 'ఏదో ఒకటి' గురించే.

డిస్క్ ఎంత పెద్దదో అందరూ అడుగుతారు. అది మదర్‌బోర్డుకు ఏ కేబుల్ మీద, ఏ స్లాట్‌లో కలుస్తుందో అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లు కూడా పెట్టె మీద అచ్చేసిన అంకె చూసి అక్కడే ఆగిపోతారు. సెకనుకు 550 ఎంబీ అని ఒకదాని మీద, 3,500 అని ఇంకోదాని మీద, 7,000 అని మరోదాని మీద, ఈ మధ్య 14,000 అని కూడా. అంకెలు అబద్ధం కావు. కానీ ఎల్లారెడ్డి, లింగంపేట వైపు బోరు వేసిన రైతుకు తెలిసిన సంగతే ఇక్కడా వర్తిస్తుంది. బోరులో రెండించుల నీళ్లు పడితే, పైన నాలుగించుల పైపు బిగించినా మడిలోకి వచ్చేవి ఆ రెండించులే. కేబుల్, పోర్టు, స్లాట్ అన్నీ పైపులు. నీళ్లెన్నో తెలియాలంటే డిస్క్ లోపలికి చూడాలి.

మామూలు హార్డ్ డిస్క్‌ను తీసుకుందాం. లోపల నున్నటి పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువే పడుతుంది. మనకు కావలసిన సమాచారం చదివే హెడ్ కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి. అది నాలుగు మిల్లీసెకన్లు. అంతకుముందు ఆ హెడ్ సరైన వరస మీదికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. అన్నీ కలిపితే 12, 13 మిల్లీసెకన్లు. వినడానికి చాలా తక్కువే. కానీ లెక్క తిప్పి చూడండి. పళ్లెం మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను ఏరుకు రమ్మంటే, ఆ డిస్క్ సెకనుకు 80కి అటూ ఇటూగా మాత్రమే తేగలదు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 320 కేబీ. ఎంబీలు కావు, కేబీలు.

అదే డిస్క్ మీద ఒక సినిమా ఫైలును మొదటి నుంచి చివరి దాకా వరసగా చదివిస్తే సెకనుకు 150 నుంచి 250 ఎంబీ వస్తుంది. అమ్మేవాళ్లు చెప్పేది ఈ అంకె. గేమ్ చేసేది ఎక్కువగా మొదటి పని, ముక్కలు ఏరుకోవడం. ఒక ఊరిని తెర మీద నిలబెట్టాలంటే గోడల బొమ్మలు ఒకచోటి నుంచి, బండి చప్పుడు ఒకచోటి నుంచి, మనుషుల కదలికలు ఇంకోచోటి నుంచి తెచ్చుకోవాలి. గేమ్ తయారుచేసేవాళ్లు కూడా ఈ ఇబ్బంది తెలిసి, అన్నిటినీ పెద్ద పెద్ద కట్టలుగా కట్టి పెడతారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకా అన్యాయంగా ఉండేది.

ఇప్పుడు పైపుల సంగతి.

పాతికేళ్ల కిందటి కంప్యూటర్లలో ఐడీఈ అనే కేబుల్ ఉండేది. వెడల్పాటి బూడిదరంగు పట్టీ, చివర 40 పిన్నుల కనెక్టర్. నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. ఒకే కేబుల్‌కు రెండు డిస్కులు తగిలించి, ఏది మాస్టర్, ఏది స్లేవ్ అని వెనకాల చిన్న జంపర్ మార్చాల్సి వచ్చేది. దాని చివరి రోజుల్లో కూడా గరిష్ఠ వేగం సెకనుకు 133 ఎంబీ. ఇవాళ ఐడీఈతో పని ఒక్కటే, అటక మీది పాత సీపీయూలోంచి పెళ్లి ఫోటోలు బయటికి తీసుకోవడం.

2003 ప్రాంతంలో సాటా వచ్చింది. సన్నటి కేబుల్, ఏడు పిన్నులు, మూతి ఇంగ్లీషు 'ఎల్' ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెడదామన్నా పట్టదు. మొదటి తరం సాటా సెకనుకు 150 ఎంబీ మోసేది. రెండో తరం 300. 2009లో వచ్చిన మూడో తరం 600. ఈ వేగాలను పక్కన పెట్టి, ఇందాకటి హార్డ్ డిస్క్ అంకెలను గుర్తుచేసుకోండి. వరసగా చదివినప్పుడే 250 దాటనిది, చెల్లాచెదురుగా చదివితే సగం ఎంబీ కూడా రానిది. దానికి 300 అయితేనేం, 600 అయితేనేం? "నా బోర్డులో సాటా త్రీ లేదన్నా, అందుకే గేమ్ లేటుగా లోడైతుంది" అని బాధపడే పిల్లవాడికి చెప్పాల్సింది ఇదే. నీ హార్డ్ డిస్క్‌కు పోర్టు అడ్డం కాదు. ఆ తిరిగే పళ్లెమే అడ్డం.

ఆ పళ్లెం స్థానంలో మెమరీ చిప్‌లతో నడిచే ఎస్‌ఎస్‌డీ పెడితే కథ మారుతుంది. అందులో తిరిగేది లేదు, జరిగేది లేదు. ఏ మూల నుంచి అడిగినా మిల్లీసెకనులో పదో వంతులో ఇచ్చేస్తుంది. అంటే వెతికే సమయం వంద రెట్లకు పైగా తగ్గింది. అదే సాటా కేబుల్, అదే పోర్టు. మార్చింది డిస్క్ మాత్రమే. తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా కనిపించే పని కంప్యూటర్‌లో ఇంతకు మించి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇది మన దగ్గర ఇంకా బాగా వర్తిస్తుంది. ఎందుకంటే చిన్న పట్నాల్లో గేమింగ్ పీసీ అంటే చాలాసార్లు కొత్త పీసీ కాదు. హైదరాబాద్ ఆఫీసులు వదిలించుకున్న పాత డెల్, హెచ్‌పీ డబ్బాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్ మీదుగా జిల్లాలకు వస్తాయి. అందులో మూడో తరమో నాలుగో తరమో ఐ5 ప్రాసెసర్ ఉంటుంది. ఒక గ్రాఫిక్స్ కార్డు గుచ్చితే గేమింగ్ పీసీ అయిపోతుంది. లేదంటే హెచ్61 బోర్డు మీద కట్టిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్. ఈ హెచ్61 చిప్‌సెట్ 2011లో వచ్చింది. దానికి సొంతంగా మూడో తరం సాటా లేదు. పోర్టులన్నీ 300 ఎంబీవే. సాటా ఎస్‌ఎస్‌డీ మామూలుగా 550 దాకా ఇవ్వగలదు కాబట్టి, ఆ బోర్డు మీద దాని వేగం సగానికి తగ్గుతుంది. అది చూసి "మా బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ" అని చెప్పేవాళ్లున్నారు. కాదు. వరసగా చదివే వేగం సగమైంది గానీ, వెతికే సమయంలో ఆ వంద రెట్ల లాభం చెక్కుచెదరలేదు. పాత బోర్డు ఉన్నవాళ్లు నిస్సంకోచంగా సాటా ఎస్‌ఎస్‌డీ వేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. 2012 నాటి బీ75 చిప్‌సెట్‌లో 600 ఎంబీ సాటా పోర్టు ఒక్కటే, మిగిలిన ఐదూ 300వి. తర్వాతి సంవత్సరం వచ్చిన హెచ్81లో రెండు 600వి, రెండు 300వి. సాధారణంగా రంగు వేరుగా ఉంటుంది, పక్కన సన్నటి అక్షరాలు కూడా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీని 600 పోర్టుకు, హార్డ్ డిస్క్‌ను, డీవీడీ డ్రైవ్‌ను 300 పోర్టుకు తగిలించాలి. చాలా సీపీయూలు విప్పి చూస్తే ఇది తారుమారుగా ఉంటుంది. డీవీడీ డ్రైవ్ దర్జాగా వేగవంతమైన పోర్టులో కూర్చుని ఉంటుంది. డబ్బు ఖర్చులేని బాగుచేత ఇది. స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. పోర్టు పక్కన 'సాటా 3' అని రాసి ఉంటే అది మూడో తరమో, మూడో నంబరు పోర్టో బోర్డు పుస్తకంలో చూసి తేల్చుకోండి. ఈ గందరగోళం పెట్టిన కంపెనీలకు ఏ శిక్ష వేసినా తక్కువే.

ఇక ఎన్‌వీఎంఈ. పిల్లలందరి నోళ్లలో ఉన్నది ఇదే. సాటా పద్ధతిని తిరిగే డిస్కుల కోసం ఆలోచించి పెట్టారు. అది ఒక్క వరసలో 32 ఆజ్ఞలు నిలబెట్టగలదు. 2011లో మొదటి రూపం ఖరారైన ఎన్‌వీఎంఈ, చిప్‌ల కోసమే పుట్టింది. వేల వరసలు, ఒక్కో వరసలో వేల ఆజ్ఞలు. పైగా అది గ్రాఫిక్స్ కార్డు వాడే పీసీఐఈ దారినే వాడుకుంటుంది. మూడో తరం పీసీఐఈ మీద సెకనుకు 3,500 ఎంబీ, నాలుగో తరం మీద 7,000, ఐదో తరం మీద 14,000 దాకా.

"అయితే అన్నా, ఎన్‌వీఎంఈ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతదా?"

పెరగదు. తెర మీద బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు, దానికి పని చెప్పేది ప్రాసెసర్. డిస్క్ పని సరుకు అందించడం వరకే. హార్డ్ డిస్క్ మీద పెద్ద పెద్ద ఊళ్లున్న గేమ్ ఆడుతూ బండి వేగంగా నడిపితే రోడ్డు సగం గీసి సగం గీయకుండా ఉండటం, మధ్యలో జెర్క్ కొట్టడం కనిపిస్తుంది. ఆ జబ్బు ఎస్‌ఎస్‌డీతో పోతుంది. కానీ 60 ఫ్రేములు 90 కావు.

సరే, లోడింగ్ టైమన్నా తగ్గుతుందా? హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారితే బాగా తగ్గుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈకి మారితే, అంకెల్లో ఆరేడు రెట్లు కనిపించే తేడా గడియారం మీద చాలా గేముల్లో కొద్ది సెకన్లకు పడిపోతుంది. ఎందుకంటే డిస్క్ మీదున్న సరుకు కుదించి కట్టి ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ విప్పాలి, సర్దాలి. డిస్క్ తన పని ముగించి ఖాళీగా కూర్చున్నాక కూడా ప్రాసెసర్ విప్పుతూనే ఉంటుంది.

దీనికి 2021లో జరిగిన ఒక సంగతి మంచి సాక్ష్యం. జీటీఏ ఆన్‌లైన్ తెరుచుకోవడానికి నిమిషాల కొద్దీ పట్టేది. ఏళ్ల తరబడి చాలామంది తమ డిస్క్‌నే తిట్టుకున్నారు, ఎస్‌ఎస్‌డీలు కొన్నారు, ఇంకా వేగమైనవి కొన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో, కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. గేమ్ మొదలవుతూ 10 ఎంబీల ఒక జాబితాను చదువుతోంది. అందులో 63 వేల దాకా అంగడి వస్తువులు. ఆ జాబితాను చదివే పద్ధతి ఎంత మొద్దుగా రాశారంటే, ప్రాసెసర్ ఒక్కో వస్తువు దగ్గర మళ్లీ మళ్లీ పొడవు కొలుచుకుంటూ కూర్చుంది. ఆయన దాన్ని సరిచేసి చూస్తే లోడింగ్ సమయం 70 శాతం దాకా తగ్గింది. మార్చిలో ఆ గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ ఒప్పుకుని సవరణ విడుదల చేసింది, ఆయనకు 10 వేల డాలర్లు బహుమానం కూడా ఇచ్చింది. ఆ మధ్యకాలంలో డిస్కుల మీద జనం పోసిన డబ్బు ఎంతో ఎవరు లెక్కపెట్టారు?

అలాగని ఎన్‌వీఎంఈ వద్దని నేననడం లేదు. కాలం అటు వైపే నడుస్తోంది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ పెట్టారు. కుదించిన సరుకును విప్పడానికి ప్రధాన చిప్‌లోనే విడిగా ఒక భాగాన్ని కేటాయించారు. గేమ్ రాసేవాళ్లు అప్పటినుంచి ఆ వేగాన్ని నమ్ముకుని రాయడం మొదలుపెట్టారు. విండోస్‌కు 2022లో డైరెక్ట్ స్టోరేజ్ అనే పద్ధతి వచ్చింది. విప్పే పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పజెప్పే వీలు కూడా అందులో చేరింది. 2023లో స్టార్‌ఫీల్డ్ 125 జీబీతో వచ్చి, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అంది. అదే ఏడాది సైబర్‌పంక్ 2077 తన కనీస అవసరాల్లోంచి హార్డ్ డిస్క్‌ను తీసేసింది. మన పిల్లలకు ప్రాణమైన జీటీఏ 5కు 2025 మార్చిలో కొత్త రూపం వస్తే, దానికీ ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిందే. గమనించండి, వీటిలో ఎక్కువ భాగం అడిగేది ఎస్‌ఎస్‌డీని. ఎన్‌వీఎంఈయే కావాలని, ఐదో తరమే కావాలని కాదు.

కాబట్టి కొత్తగా కట్టుకునేవాళ్లకు నా మాట: బోర్డు మీద ఎన్‌వీఎంఈ స్లాట్ ఎలాగూ ఉంటుంది, ధరలో సాటా ఎస్‌ఎస్‌డీకి పెద్ద తేడా లేకపోతే ఎన్‌వీఎంఈయే కొనండి. మూడో తరమైనా నాలుగో తరమైనా సరే. నాలుగో తరం డిస్క్‌ను మూడో తరం స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది, మూడో తరం వేగంతో. ఏ520, బీ450 లాంటి ఏఎండీ బోర్డుల మీద దొరికేది మూడో తరమే. అక్కడ 7,000 అంకె ఉన్న పెట్టె కొంటే ఆ అంకె పెట్టె మీదే ఉంటుంది. ఐదో తరం మాట ఇంట్లో ఎత్తకండి. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులో కలిపితే కళ్లకు కనిపిస్తుంది.

ఎండాకాలం గురించి కూడా ఆలోచించాలి. మన జిల్లాలో మే నెల మధ్యాహ్నం, రేకుల గదిలో, తలుపేసుకుని గేమ్ ఆడే పిల్లవాడి సీపీయూ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించండి. ఎన్‌వీఎంఈ చిప్ 70, 80 డిగ్రీల దగ్గరికి వస్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఐదో తరంవి మరీ వేడి, వాటికి పెద్ద హీట్‌సింక్ లేకుండా నడవదు. మూడో తరంవి అంత కరెంటు తినవు, అంత కాగవు. పైగా చాలా బోర్డుల మీద ఆ స్లాట్ సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటుంది. అల్యూమినియం హీట్‌సింక్ ఒకటి అంటించండి, అంటించేముందు దాని మీది ప్లాస్టిక్ పొరను పీకడం మరిచిపోకండి. ముందు ఫ్యాన్‌కు పట్టిన దుమ్మును నెలకోసారి ఊదితే సగం జబ్బులు రావు.

ఇప్పుడు ఎక్కువమంది దెబ్బతినే చోటు. ఎం డాట్ టూ. ఇది స్లాట్ రూపం పేరు. ఎన్‌వీఎంఈ అన్నది మాట్లాడుకునే పద్ధతి. చూయింగ్ గమ్ కాగితమంత ఉండే ఆ ముక్క 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉంటే దాన్ని 2280 అంటారు. అదే రూపంలో లోపల సాటా పద్ధతి వాడే ఎస్‌ఎస్‌డీలూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ వాడేవీ ఉన్నాయి. బయటికి కవలలే. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు సాటా రకాన్నే తీసుకుంటాయి. కొత్త బోర్డులు చాలామటుకు ఎన్‌వీఎంఈనే తీసుకుంటాయి. చేత్తో తడిమి కొంతవరకు పోల్చుకోవచ్చు. బంగారురంగు అంచుకు రెండు గాట్లుంటే చాలాసార్లు సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ కాదు. రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి. స్టిక్కర్ చదవడమే ఖాయమైన దారి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, పట్టక, తిరిగి పంపే తంటా ఎల్లారెడ్డిలో ఉండే మనిషికి తెలిసినంతగా హైదరాబాద్‌లో ఉండేవాడికి తెలియదు.

ఇంకో కిటుకు. కొన్ని బోర్డుల్లో ఎం డాట్ టూ స్లాట్ నింపగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, రెండూ ఒకే దారిని పంచుకుంటాయి కాబట్టి. కొత్త డిస్క్ పెట్టాక పాత డిస్క్ కనిపించకపోతే అది చచ్చిపోయిందని ఏడవక్కర్లేదు. కేబుల్ ఇంకో పోర్టుకు మార్చి చూడండి. నాలుగో తరం ఐ5 లాంటి పాత డబ్బాల్లో చాలామటుకు ఈ స్లాటే ఉండదు. అడాప్టర్ కార్డు కొని పీసీఐఈ స్లాట్‌లో ఎన్‌వీఎంఈ గుచ్చవచ్చు గానీ, చాలా పాత బయోస్‌లు దాని మీద నుంచి విండోస్ బూట్ చేయలేవు. గేములు దాచుకోవడానికి రెండో డిస్క్‌గా అయితే పనికొస్తుంది. ఆ తిప్పలకన్నా సాటా ఎస్‌ఎస్‌డీ నయం.

అయితే హార్డ్ డిస్క్‌ను పారేయాలా? హైదరాబాద్ వాడినడిగితే పారేయమంటాడు. మన దగ్గర నేనలా చెప్పను. కారణం ఇంటర్నెట్. 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉందనుకుందాం. అది సెకనుకు 5 ఎంబీ. 100 జీబీ గేమ్ దిగాలంటే 20 వేల సెకన్లు, అంటే ఐదున్నర గంటలు, అదీ మధ్యలో కరెంటు, కేబుల్ రెండూ నిలబడితే. అదే గేమ్‌ను సాటా హార్డ్ డిస్క్ మీద దాచుకుని, ఆడాలనిపించినప్పుడు ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చుకుంటే, సెకనుకు 150 ఎంబీ చొప్పున 11 నిమిషాల పని. ఇక్కడ జరిగేది వరసగా చదవడం, హార్డ్ డిస్క్ బాగా చేయగలిగిన ఒకే ఒక పని. స్టీమ్‌లో గేమ్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు మార్చే ఏర్పాటు ఉంది. విండోస్, ఈ నెల ఆడుతున్న రెండు మూడు గేములు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద. మిగతావన్నీ పాత హార్డ్ డిస్క్ మీద. ఇంటి గేమింగ్ పీసీకి ఇంతకన్నా తెలివైన పంపకం నాకు తెలియదు.

దాచుకునే డిస్క్ కోసం షాపులో అడిగితే ఊదారంగు స్టిక్కరు ఉన్నదో, సీసీటీవీది అని చెప్పేదో చూపిస్తారు. మన దగ్గర కంప్యూటర్ షాపులే కెమెరాలు కూడా బిగిస్తాయి కాబట్టి ఆ డిస్కులు ఎప్పుడూ దొరుకుతాయి. రోజంతా రాస్తూ ఉండటానికి తయారుచేసినవి. గేములు దాచడానికి నిక్షేపంలా పనికొస్తాయి, నేరుగా ఆడటానికి నెమ్మది. కొత్తదైతే పరవాలేదు. కెమెరాల రికార్డింగు డబ్బా, అంటే డీవీఆర్‌లోంచి తీసింది అయితే మాత్రం, డబ్బులిచ్చేముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. రాత్రీ పగలూ నడిచిన డిస్క్‌కు ఏడాదికి 8,760 గంటలు. 26 వేల గంటలు కనిపిస్తే అది మూడేళ్లు కన్నార్పని డిస్క్. రీఅలొకేటెడ్ సెక్టార్స్ అనే వరసలో సున్నా కాక ఇంకేదైనా ఉంటే ఎంత తగ్గించినా కొనొద్దు.

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, అక్కడికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. చవకగా, నిమిషానికి 15 వేల చుట్లు తిరిగే సర్వర్ డిస్కులని ఎవరైనా చూపిస్తే ఆశపడకండి. అవి శాస్ రకం. కనెక్టర్ సాటా లాగే ఉంటుంది, కానీ డేటా మూతికీ పవర్ మూతికీ మధ్య ఖాళీ ఉండదు. సాటాలో ఆ ఖాళీ ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. శాస్ డిస్క్ ఇంటి బోర్డుకు పట్టదు, పట్టించినా పలకదు. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు నుంచి బస్సెక్కి ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం.

కరెంటు సంగతి క్లుప్తంగా. పెద్ద హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లో సాటా పవర్ మూతి లేదని చౌకరకం కన్వర్టర్ తగిలిస్తే, అచ్చుపోసిన ప్లాస్టిక్ మూతి ఉన్నవి లోపల తీగలు ఆనుకుని కాలిన సందర్భాలున్నాయి. తీగలను విడివిడిగా బిగించిన రకం అడిగి తీసుకోండి. ఇంకా నయం, ఎస్‌ఎంపీఎస్సే మార్చండి. యూపీఎస్ ఉంటే, రాస్తుండగా కరెంటు పోయి సేవ్ ఫైల్ చెడిపోయే బాధ తప్పుతుంది. ఇది హార్డ్ డిస్క్‌కూ, ఎస్‌ఎస్‌డీకీ సమానమే.

ధరలు చెప్పమంటారేమో. చెప్పను, ఈ వారం ధర వచ్చే వారం ఉండటం లేదు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్కుల ధరలు ప్రపంచమంతా ఎగిరాయి. 2025 చివరికి వచ్చేసరికి నీళ్లు కాదు, ఏఐ సర్వర్లు మెమరీ చిప్‌లను మింగడం మొదలుపెట్టాయి. 2019లో హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం తెరిచిన మైక్రాన్ కంపెనీయే, ఇళ్లలో వాడుకునేవాళ్లకు దశాబ్దాలుగా అమ్మిన క్రూషియల్ బ్రాండు వ్యాపారం మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. చిప్ డిజైన్ చేసే మనవాళ్లు మనకు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు, చిప్ మాత్రం మన చేతికి అందడం కష్టమవుతోంది. ఇంట్లో పనిచేస్తున్న హార్డ్ డిస్క్‌ను తూకానికి వేయకపోవడానికి ఇదొక కారణం.

చివరగా యూఎస్‌బీ. కామారెడ్డిలో మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్న స్నేహితుడు గేమ్ దింపి పెడితే, ఎల్లారెడ్డి పిల్లవాడు శనివారం వచ్చి డిస్క్‌లో ఎక్కించుకుని తీసుకెళ్లడం మామూలే. అది మంచి పద్ధతి. దానికి రెండున్నర అంగుళాల పోర్టబుల్ డిస్క్ తీసుకోండి, అది యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. మూడున్నర అంగుళాలదానికి విడిగా అడాప్టర్ మోయాలి. సీపీయూ వెనకాల నీలంరంగు పోర్టుకు తగిలించండి. నలుపురంగుది సాధారణంగా యూఎస్‌బీ 2, సెకనుకు 35 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. 100 జీబీకి ముక్కాలు గంట పైన. నీలంరంగు మీద అదే పని పావుగంటలో అటూ ఇటూగా అవుతుంది. స్టీమ్ గేమ్ అయితే ఆ ఫోల్డర్‌ను మన కంప్యూటర్‌లో స్టీమ్ యాప్స్ కింద కామన్ అనే ఫోల్డర్‌లో పెట్టి, మన సొంత అకౌంట్‌లో ఆ గేమ్‌కు ఇన్‌స్టాల్ నొక్కాలి. ఉన్న ఫైళ్లను అదే వెతుక్కుని, తేడా ఉన్నది మాత్రమే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. గేమ్ కొనడం మాత్రం ఎవరి అకౌంట్‌లో వాళ్లు కొనాల్సిందే. కాపీ అయిపోయాక సేఫ్‌లీ రిమూవ్ నొక్కి, లైటు ఆరాకే కేబుల్ తీయండి. బస్సులో సంచిని పైన అరలో పడేయకుండా ఒళ్లో పెట్టుకోండి, లోపల ఉన్నది ఇంకా ఆ తిరిగే పళ్లెమే.